షుగర్, బీపీ ఎంతమందికి ఉన్నాయో లెక్క తీయాలంటే

ఒక ఊళ్లో షుగర్, బీపీ ఎంతమందికి ఉన్నాయని అడిగితే చాలామంది ఆస్పత్రి రిజిస్టర్ తెరుస్తారు. అందులో కనపడేది జబ్బు ఉందని తెలిసి వైద్యానికి వచ్చినవాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన లెక్కలో 30 నుంచి 79 ఏళ్లవాళ్లలో హైబీపీ ఉన్నవాళ్లు 128 కోట్ల మంది. వాళ్లలో 46 శాతం మందికి ఆ సంగతే తెలియదు. సర్వే టీములకు శిక్షణ ఇచ్చేటప్పుడు నేను మొదట చెప్పేది వీళ్ల గురించే. వీళ్లు మన దగ్గరికి రారు, మనమే వాళ్ల గడప దాకా వెళ్లాలి.

అందుకే క్యాంపుకు వచ్చినవాళ్లకు పరీక్ష చేసి దాన్నే ఊరి శాతంగా రాయొద్దు. క్యాంపుకు ముందు వచ్చేది అనుమానం ఉన్నవాళ్లు. ఇళ్ల జాబితా రాసి లాటరీ తీయండి. ఇంట్లో కూడా పెద్దవాళ్ల పేర్లన్నీ రాసుకుని చీటీ తీయండి, తలుపు తీసినవాళ్లతో సరిపెట్టుకోవద్దు. తాళం వేసి ఉంటే పక్కింటికి పోకుండా సాయంత్రమో సెలవు రోజో మళ్లీ వెళ్లండి. పగలు ఇంట్లో దొరికేది ఎక్కువగా వయసు పైబడ్డవాళ్లు కాబట్టి, వాళ్లతోనే నింపేస్తే శాతం లేనిపోని ఎత్తుకు వెళ్తుంది. లాటరీలో తీసిన 400 మందిలో 25 శాతానికి బీపీ తేలితే ఊరి అసలు శాతం సుమారు 21కీ 29కీ మధ్య ఉంటుందనుకోవచ్చు. వంద మందినే చూస్తే అది 16 నుంచి 34 దాకా సాగుతుంది.

ఎవరిని లెక్కలోకి తీసుకుంటారో బయల్దేరే ముందే రాసిపెట్టుకోండి. బీపీలో పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ, అంతకు మించి గానీ ఉండాలి. షుగర్ అయితే పరగడుపున 126, లేదా హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్త పరీక్ష) 6.5 శాతం, ఆపైన. 2017లో అమెరికా గుండె వైద్య సంఘాలు బీపీ హద్దును 130/80కి దించగానే అక్కడి పెద్దల్లో హైబీపీ 32 శాతం నుంచి 46 శాతానికి చేరింది. మనుషులు మాత్రం వాళ్లే.

మందులు వాడుతూ ఇవాళ రీడింగ్ మామూలుగా వచ్చినవాళ్లనూ కలపాలి. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. "బీపీ ఉందా?" అంటే "లేదండీ, మాత్రలు వేసుకుంటే తగ్గిపోయింది" అంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, అలాగే నమ్ముతున్నారు. "ఈ రెండు వారాల్లో బీపీకి గానీ షుగర్‌కి గానీ మాత్ర వేసుకున్నారా?" అని అడగండి, స్ట్రిప్ చూపించమనండి.

బీపీ కొలతకు తొందర పనికిరాదు. కాఫీ తాగి, సిగరెట్ కాల్చి అరగంట కాకపోతే ఆగండి. బాత్రూమ్‌కి వెళ్లాలేమో అడగండి. వీపు ఆనించి, కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసుకోకుండా కూర్చోబెట్టాలి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఆనాలి. కఫ్ బట్ట మీద కాదు, చర్మం మీద చుట్టాలి. లావు చేతికి చిన్న కఫ్ వేస్తే లేని బీపీ కనిపిస్తుంది. మాట్లాడుతూ ఉంటే కూడా రీడింగ్ పెరుగుతుంది కాబట్టి ప్రశ్నలు ముందే ముగించుకోండి. మూడుసార్లు తీసి, మొదటిది వదిలి, మిగిలిన రెండింటి సగటు రాయండి. మొదటిసారి టెన్షన్ ఉంటుంది కదా.

సాయంత్రం ఫారాలు తిరగేసినప్పుడు నేను చివరి అంకెలు చూస్తాను. 120/80, 130/80, 140/90 అని అన్నీ సున్నాలతోనే ఉంటే ఎవరో దగ్గరి అంకెకు సర్దారన్నమాట. 138ని 140 అని రాస్తే ఒక మనిషి హద్దు దాటిపోతాడు. అందుకే అంకె తనే చూపించే డిజిటల్ మెషీన్ నాకు ఇష్టం.

షుగర్ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తిని ఉండకూడదు. "తిన్నారా?" అంటే టీ తాగినవాళ్లు కూడా లేదంటారు. "నీళ్లు కాకుండా చివరిగా నోట్లో ఏం వేసుకున్నారు, ఎన్నింటికి?" అని అడగండి.

రెండు ఊళ్లను పోల్చేటప్పుడు వయసు వారీగా విడగొట్టి చూడండి. ముసలివాళ్లు ఎక్కువున్న ఊళ్లో రెండూ ఎక్కువే ఉంటాయి. రిపోర్టులో ఒక్క శాతంతో ఆపకండి: ఎంతమందికి ఉంది, అందులో ఎంతమందికి తెలుసు, ఎంతమంది మందులు వాడుతున్నారు, ఎంతమందికి అదుపులో ఉంది, ఈ నాలుగూ రాయండి.

రీడింగ్ ఎక్కువ వచ్చిన ప్రతి ఒక్కరి చేతిలో ఆ అంకెలు రాసిన చీటీ పెట్టండి. ఒక్క రోజు కొలతతో జబ్బు ఖాయం కాదని, డాక్టర్ దగ్గర మళ్లీ చూపించుకోవాలని చెప్పండి. 180/120 దాటి, ఛాతీలో నొప్పి, ఆయాసం, మాట తడబడటం లాంటివి ఉంటే ఫారం పక్కన పెట్టి వెంటనే ఆస్పత్రికి పంపించండి.