మహేంద్రగిరి, జౌగడ, గోపాల్‌పూర్: ఫ్లాష్ లైట్లతో మోడల్ ఫొటోలకు అనుమతి దరఖాస్తు విధానం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు మోడల్‌తో అవుట్‌డోర్‌కి బయల్దేరేవాళ్లు ముందుగా అడిగేది "అక్కడ ఫ్లాష్ కొట్టనిస్తారా?" అని. అడగాల్సింది ఫ్లాష్ కింద ఉండే స్టాండు గురించి. చాలా షూట్‌లు గేటు దగ్గర ఆగిపోయేది దానివల్లే.

మహేంద్రగిరి మీది భీమ, కుంతి, యుధిష్ఠిర ఆలయాలు, గంజాం జిల్లా జౌగడలోని అశోకుడి శాసనం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. వీటికి 1959 నాటి ప్రాచీన కట్టడాల నియమావళి వర్తిస్తుంది. ప్రత్యేక ఆంక్ష పెట్టిన కట్టడాలను మినహాయిస్తే, మిగిలినచోట్ల ఎవరైనా ఫొటో తీసుకోవచ్చని 43వ నియమం చెబుతుంది. అయితే కెమెరా స్టాండు, స్టూలు, కుర్చీ, బల్ల, పెద్ద గొడుగు, అలాంటి సామాను ఏదైనా ఆవరణలోకి తేవాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి. కృత్రిమ కాంతి విషయంలో ఒక్కదానికే మినహాయింపు: కెమెరా క్లిక్కుతో కలిసి వెలిగే ఫ్లాష్. అంటే చేత్తో పట్టుకున్న ఫ్లాష్‌కి అడ్డు లేదు. అదే ఫ్లాష్‌ని స్టాండెక్కించి గొడుగు తగిలిస్తే అనుమతి కావాలి. నిరంతరం వెలిగే ఎల్‌ఈడీ ప్యానెల్‌కీ కావాలి. ఫ్లాష్‌లోని మోడలింగ్ ల్యాంప్ (వెలుగు ఎలా పడుతుందో ముందే చూపే చిన్న దీపం) కూడా ఆరకుండా వెలిగేదే కాబట్టి ఆవరణలోకి వెళ్లకముందే ఆపేయండి.

పక్కనే ఎవరో రీల్ కూడా తీస్తుంటారు కదా, అక్కడా జాగ్రత్త. స్టాండు పెట్టి, ముందస్తు ఏర్పాట్లతో తీసే వీడియో 'చిత్రీకరణ' కిందికి పోతుంది. దాని లైసెన్సు, ఫారం, రుసుము అన్నీ వేరు. ఫొటోల అనుమతి పత్రం చూపిస్తే చెల్లదు.

కట్టడాల విషయంలో దరఖాస్తు ఆ ప్రాంతం చూసే పురావస్తు శాఖ సర్కిల్ (ప్రాంతీయ) కార్యాలయంలోని సూపరింటెండింగ్ ఆర్కియాలజిస్ట్ పేర ఇంగ్లిష్‌లో రాయాలి. ఏ సర్కిలో అక్కడి సిబ్బందిని అడిగితే చెబుతారు. గోపాల్‌పూర్ పట్టణ పాలన నోటిఫైడ్ ఏరియా కౌన్సిల్‌ది. బీచ్ షూట్‌కి అర్జీ దాని ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ పేర, ఒక నకలు స్థానిక పోలీస్ స్టేషన్‌కి. ఇది ఒడియాలో ఉంటే మేలు, లేదా ఇంగ్లిష్‌లో. ఇక్కడ చాలామంది తెలుగు మాట్లాడినా, తెలుగు అర్జీ ఫైల్లో ముందుకు కదలదు. పర్లాకిమిడి రాజభవనం లాంటి చోట్ల దాన్ని చూసుకునేవారి సంతకమున్న ఉత్తరం ముందు సంపాదించండి.

అర్జీలో అన్నిటికన్నా శ్రద్ధగా రాయాల్సింది సామాను జాబితా. "లైటింగ్ ఎక్విప్‌మెంట్" అని ఒక్క మాటతో వదిలేస్తే చదివే అధికారికి జనరేటరు, కేబుళ్లు, లారీ కళ్లముందు కనిపిస్తాయి. ఇలా రాయండి: బ్యాటరీతో నడిచే 200 వాట్-సెకండ్ల ఫ్లాష్‌లు 2, స్టాండ్లు 2, ఒక్కోటి నేల మీద మీటరు వెడల్పు స్థలం తీసుకుంటుంది, కాళ్లకు రబ్బరు తొడుగులున్నాయి, 90 సెంటీమీటర్ల సాఫ్ట్‌బాక్స్ (కాంతిని మెత్తబరిచే గుడ్డ పెట్టె) 1, కరెంటు కనెక్షన్ అక్కర్లేదు, తీగలు లేవు, గోడకు ఏదీ ఆనించం, మొత్తం మనుషులు 5. తేదీ, గంటలు, నిలబడే చోటు గుర్తుపెట్టిన చేతి గీత పటం, ఫొటోలు దేనికి వాడతారో ఒక వాక్యం, అందరి గుర్తింపు కార్డుల నకళ్లు, మోడల్ సమ్మతి పత్రం జతచేయాలి. మోడల్‌కి 18 నిండకపోతే తల్లి లేదా తండ్రి సంతకం తప్పనిసరి. రెండు ప్రతులు ఇచ్చి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.

సమయం తక్కువ అడగడం మామూలుగా జరిగే పొరపాటు. గంట చాలనుకుంటారు. పట్టుచీర మార్చి మళ్లీ కుచ్చిళ్లు సర్దడానికే అరగంట పోతుంది. ఎండలో ఫ్లాష్‌ని పూర్తి శక్తితో వరుసగా కొడితే వేడెక్కి తనంతట తానే ఆగుతుంది. రెండు చీరలకు 3 గంటలు అడగండి.

ఎండ లెక్క తెలిస్తే సామాను కూడా తగ్గుతుంది. నిండు ఎండలో ఐఎస్‌ఓ 100, షట్టర్ 1/200 దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్/13 వరకూ మూయాలి. వెనక సముద్రం మసకగా కావాలని ఎఫ్/4.5కి తెరిస్తే మూడు స్టాపుల (ఒక్కో స్టాపుకి కాంతి సగమవుతుంది) ఎన్‌డీ ఫిల్టర్, అంటే కాంతిని తగ్గించే నల్లద్దం, కావాలి. హై-స్పీడ్ సింక్‌తోనూ (షట్టర్ చాలా వేగంగా ఉన్నా ఫ్లాష్ పనిచేసే పద్ధతి) కుదురుతుంది గానీ అది సుమారు రెండు స్టాపుల శక్తిని మింగేస్తుంది. లైటుని సగం దూరానికి జరిపితే ఆ రెండు స్టాపులూ తిరిగి వస్తాయి. అందుకే రెండో ఫ్లాష్ అడిగేకంటే, ఉన్న ఒక్కదాన్నీ మీటరున్నర దగ్గరికి తెచ్చేలా చోటు ఎంచుకోవడం తెలివైన పని. బరంపురం పట్టుకి ఇంకో మెలకువ ఉంది. లైటు ఎదురుగా ఉంటే అంచు మీది కుంభాల (గుడి శిఖరాల్లాంటి మొనదేలిన నేత) వరుసలో జరీ తెల్లటి గీతలా కాలిపోతుంది. పక్కకి 45 డిగ్రీలు జరిపి సాఫ్ట్‌బాక్స్ వాడితే ఒక్కో కుంభం కొస విడివిడిగా తేలుతుంది.

గోపాల్‌పూర్ గాలికి సాఫ్ట్‌బాక్స్ తెరచాపే. ఒక్కో స్టాండు కాలికి ఇసుక సంచి వేసి, ఒక మనిషి పట్టుకునే ఉండాలి. ఆ మనిషినీ అర్జీలోని సంఖ్యలో కలపండి. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ వైపు కెమెరా తిప్పొద్దు. రుషికుల్య నది సముద్రంలో కలిసే చోట రాత్రి షూట్‌కి అసలు అర్జీ పెట్టకండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ మూకుమ్మడిగా గుడ్లు పెడతాయి. సుమారు నెలన్నరకు పిల్లలు బయటికొచ్చి వెలుగున్న దిక్కుకి పాకుతాయి. మన లైటు చూసి సముద్రాన్ని వదిలి ఊరివైపు వెళ్తే అవి బతకవు. మహేంద్రగిరికి శివరాత్రి రోజుల్లో అడగకండి, కొండంతా భక్తులే ఉంటారు.

షూట్ రోజున అసలు అనుమతి పత్రం ఫ్లాష్ బ్యాగులోనే ఉంచండి, ఫోనులో ఫొటో సరిపోదు. సామాను దించేముందు జాబితా తీసి కాపలా ఉద్యోగితో కలిసి లెక్కపెట్టండి. కాగితం మీద 2 స్టాండ్లుంటే బండిలోంచి మూడోది దించొద్దు.