వాయుగుండం రాకముందే ఫిల్లింగ్ (పోసిన మట్టి) కింద వంక ఉందేమో చూసుకోండి

మొన్న మా దగ్గర కొండవార వేసిన ఒక వెంచర్‌లో రిటైనింగ్ వాల్, అంటే మట్టిని ఆపే గోడ, పడిపోయింది. అదేం పెద్ద వాన కాదు, రెండు గంటల జల్లు. పొద్దున పోయి చూస్తే గోడ బోర్లా పడి ఉంది, కింద ట్రాక్టర్ ట్రాలీ నలిగిపోయి ఉంది. మనుషులు లేరు, అంతవరకు నయం. వచ్చినవాళ్ళంతా గోడ మందం గురించి, సిమెంటు పాళ్ళ గురించి వాదించుకుంటున్నారు. నేను గోడ లేచిన చోట మట్టి గీకి చూశాను. అడుగున తెల్లటి ఇసుక, నున్నటి గులకరాళ్ళు. వాన ఆగి ఆరు గంటలైనా నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. అది పూడ్చేసిన వంక.

పదకొండేళ్ళు బొగ్గు గనుల్లో పైపనులు చూశాను. కోల్ యార్డు లెవెలింగ్, సైడింగ్ కట్టలు, వర్క్‌షాపు ప్యాడ్‌లు. ఇప్పుడు తిరుపతి చుట్టుపక్కల చంద్రగిరి, పాకాల వైపు షెడ్లకు, ప్లాట్లకు కటింగ్, ఫిల్లింగ్ (నేల తవ్వడం, మట్టి పోసి ఎత్తు చేయడం) చేయిస్తున్నాను. హెల్మెట్లు, బూట్లు మీకు తెలిసినవే. నేను చెప్పేది ఒక్క తప్పు గురించి: వంకను, అంటే వానొస్తేనే పారే వాగును, పూడ్చి దాని మీద మట్టి పోయడం.

మన వైపు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మిగతా నెలల్లో వంక ఎండి, మేకలు తిరిగే దారిలా ఉంటుంది. "ఇది వంకేంది సార్, చుక్క నీళ్ళు ఎప్పుడూ చూళ్ళేదు" అంటాడు జేసీబీ పిల్లోడు. 2021 నవంబర్‌లో అతను బెంగళూరులో ఉన్నాడట. ఇక్కడున్నవాళ్ళకు 18, 19 తేదీలు గుర్తుంటాయి. తిరుపతి వీధుల్లో కార్లు కొట్టుకుపోయాయి. రెండు మూడు రోజులకే తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట నుంచి మట్టి జారుతోందని కింది ఊళ్ళు ఖాళీ చేయించారు.

బొగ్గు గనుల వాళ్ళు ఈ పాఠాన్ని 1966 అక్టోబర్ 21న నేర్చుకున్నారు. వేల్స్‌లోని అబర్‌ఫాన్‌లో గని మట్టికుప్పను నీటి ఊటల మీద పోశారు. వానలకు అది జారి బడి మీద పడింది. 144 మంది పోయారు, అందులో 116 మంది పిల్లలు. మన బొగ్గు గనుల నిబంధనల్లో డంపు (మట్టికుప్ప) వాలు 37.5 డిగ్రీలు దాటకూడదని, ఎత్తు 30 మీటర్లు దాటితే మెట్లు కొట్టాలని ఉంది. ఆ అంకె పట్టుకుని "మేం 35లోనే ఉన్నాం" అని నిద్రపోయేవాళ్ళను చాలామందిని చూశాను. అడుగున నీళ్ళు చేరితే అందులో సగం వాలు కూడా నిలబడదు. పైన మట్టి వేసినంత మాత్రాన వంక ఆగదు. పాత ఇసుక గుండా లోపలే పారుతుంది. బయటికి దారి లేకపోతే మట్టిని లోపలి నుంచి పైకెత్తుతుంది, సన్నమట్టిని కడిగేస్తుంది.

పోయకముందు

ఈతచెట్లు, కానుగలు వరసగా ఉన్నాయా? తుంగ మొలిచిందా? గడారితో రెండడుగులు తవ్వండి, గుండ్రటి గులకరాళ్ళు తగిలితే అది వంకే. సర్వేయర్ దగ్గర ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) చూడండి, వంక పోరంబోకు అని ఉంటే దాని జోలికి పోకండి. ఆ ఊరి ముసలాయన్నొకర్ని పిలిచి టీ ఇప్పించి అడగండి. గూగుల్ మ్యాప్ కంటే ఆయన నయం.

"రెండడుగుల పైపు వేశాం కదా సార్" అంటారు. మొదటి వానకే ఆ పైపులో కొమ్మలు, ప్లాస్టిక్ కవర్లు ఇరుక్కుంటాయి. జాయింట్లు విడితే చుట్టూ మట్టిని పీల్చేస్తుంది. వంకను తెరిచే ఉంచండి. దాటక తప్పకపోతే ఇంజనీరుతో లెక్క కట్టించి బాక్స్ కల్వర్టు (పెట్టెలాంటి కాంక్రీటు తూము) కట్టండి.

పోసేటప్పుడు

పైపొర నల్లమట్టి, గడ్డి, వేర్లు అన్నీ గీకేయాలి. ఏటవాలు నేల మీద పోస్తుంటే ముందు నేలను మెట్లుగా కొట్టాలి, లేకపోతే కొత్త మట్టి పాత నేల మీద చాపలా జారుతుంది. అడుగు మించని పొరలు, ప్రతి పొరకూ తడి, రోలర్. టిప్పర్ దించిన కుప్పను ఉన్నది ఉన్నట్టు తోసేస్తే అది ఫిల్లింగ్ కాదు, చెత్తకుప్ప. ఊట కనిపించిన చోట బండరాళ్ళతో కాలువ కట్టి, జియోటెక్స్‌టైల్ (నీళ్ళను వదిలి మట్టిని ఆపే గుడ్డ) చుట్టి, కింది అంచు దాకా తెచ్చి బయటికి వదలాలి.

వాలుకు ఎగువన అడ్డంగా కాలువ తవ్వాలి, వాలు మధ్యలో కాదు.

గోడలో వీప్ హోల్స్ (వెనక నీళ్ళు బయటికి పోయే రంధ్రాలు) ఉంచాలి. వాటి వెనక కంకర లేకపోతే అవి ఉన్నా లేనట్టే.

సెప్టిక్ ట్యాంకు, సంపు, తోట పైపు, ఏదీ అంచు దగ్గర వద్దు.

టిప్పర్ అంచు దాకా రివర్స్ రాకూడదు, దూరంగా దించి డోజర్‌తో తోయాలి.

వాలు కింద కూలీల గుడిసెలు వేయనివ్వకండి. ఒక్క రాత్రికైనా సరే.

ముసురు పట్టాక రోజూ పొద్దున, సాయంత్రం అంచు వెంట నడవండి. అంచుకు సమాంతరంగా బీట కనిపించిందా, దానికి రెండు వైపులా మేకులు కొట్టి టేపుతో కొలిచి రాసుకోండి. బీటలో కంకర పోయకండి. బంకమట్టితో మూసి, పైన పట్టా కప్పండి.

కింద అంచు ఉబ్బిందా, పని ఆపండి.

ఊట తేటగా ఉంటే కాపలా పెట్టండి. ఎర్రగా మారిందా, మనుషుల్ని తీసేయండి.

జారిన మట్టిని వానలో జేసీబీతో తీయకండి. పైనున్నదాన్ని ఆపుతున్నది అదే.

వంక పూడ్చేశారని తెలిసిందా, బిల్లు పోయినా, ఓనర్ అరిచినా, అక్టోబర్ లోపల తవ్వి తెరవండి. నవంబర్‌లో వాన పడుతుండగా ఆ మట్టిలోకి హిటాచీని దించకండి.