పగడాల ట్యాంకుకి ఫిల్టరు కొనే ముందు ఒకసారి కరెంటు తీసి చూడండి

హైదరాబాద్ నాగోలులో మాది మూడో అంతస్తు ఫ్లాటు. హాల్లో 3 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ఉప్పునీటి ట్యాంకు ఉంది. అంటే దాదాపు 180 లీటర్లు. రెండు క్లౌన్ చేపలు, జోయాంథిడ్లు, మష్రూములు అనే పగడపు రకాలు, ఒక లెదర్ పగడం అందులో పెరుగుతున్నాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు "అన్నా, ఏ ఫిల్టర్ కొనాలె?" అని అడుగుతారు. నేను తిరిగి రెండు అడుగుతాను. మీ ఇంట్లోకి నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి? కరెంటు పోతే ఎంతసేపు పోతుంది?

నీళ్ళ సంగతి ముందు చూసుకోండి. నల్లా, బోరు, ట్యాంకరు, ఏ నీళ్ళైనా నేరుగా ఉప్పు కలపడానికి పనికిరావు. మా బోరు నీళ్ళలో టీడీఎస్ మీటరు (కరిగిన లవణాలని కొలిచేది) పెడితే 840 చూపించింది. వంటింటి ఆర్‌వో నీళ్ళు 90. తాగే నీళ్ళకి రుచి కోసం శుద్ధి కాని నీళ్ళు కొన్ని కలిపే ఏర్పాటు ఆ మిషన్లలో చాలావాటికి ఉంటుంది. అది లేని ఆర్‌వో తీసుకుని చివర మిగిలిన లవణాలని పట్టేసే డీఐ రెసిన్ గొట్టం తగిలిస్తే మీటరు 0కి వస్తుంది. ఆ సున్నా కోసం పట్టుబట్టండి. వేసవిలో నా ట్యాంకులో రోజుకి 3 లీటర్లు ఆవిరైపోతాయి. ఉప్పు మాత్రం ఎక్కడికీ పోదు, అందుకే మంచినీళ్ళే పోసి భర్తీ చేయాలి. అవి శుద్ధి కాని నీళ్ళైతే వాటితో వచ్చే సిలికేటు, ఫాస్ఫేటు కూడా ఎక్కడికీ పోవు. పేరుకుని గోధుమరంగు నాచై రాళ్ళని కప్పేస్తాయి.

అసలు ఫిల్టరు ట్యాంకులో పెట్టే రాయే. చేపలు వదిలే అమ్మోనియాని రాయి మీద పెరిగే బాక్టీరియా నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. గాలి చొరని లోపలి రంధ్రాల్లో ఉండే ఇంకో రకం బాక్టీరియా ఆ నైట్రేటుని నైట్రోజన్ వాయువు చేసి వదిలేస్తాయి. కాబట్టి రాయి కంటికి పెద్దగా, చేతికి తేలిగ్గా ఉండాలి. మన సముద్రంలోంచి తీసిన పగడపు రాయి అని ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రాతి పగడాలకి పులితో సమానమైన రక్షణ ఉంది, చచ్చిన పగడమైనా తప్పు తప్పే. సిరామిక్ రాయి, దానితోపాటు ఒక సీసా బాక్టీరియా కొనుక్కోండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకి వచ్చేదాకా చేపలు వద్దు. నాకు ఐదు వారాలు పట్టింది.

నేను మొదట కొన్నది కేనిస్టర్, అంటే ట్యాంకు బయట ఉండే మూత డబ్బా ఫిల్టరు. దుకాణంలో ఇది చాలన్నారు, నమ్మాను. మంచినీటి చేపలకి అది చక్కటి వస్తువే. పగడాలకి మాత్రం, పట్టిన మురికి డబ్బాలోనే కుళ్ళి నైట్రేటు అవుతూ ఉంటుంది. ఒకసారి కరెంటు పోయి మూడు గంటలకి వచ్చాక, స్విచ్ వేయకముందే మూత తీశాను, కుళ్ళిన గుడ్డు వాసన. నీళ్ళు కదలక లోపల ఆక్సిజన్ అయిపోయింది. చూసుకోకుండా స్విచ్ వేసి ఉంటే ఆ నీళ్ళన్నీ ట్యాంకులోకి వెళ్ళేవి.

అందుకే సంపు పెట్టుకోమంటాను. మన ఇళ్ళల్లో సంపంటే భూమిలో నీళ్ళ తొట్టి. ఇక్కడ సంపంటే ట్యాంకు కింద కేబినెట్‌లో ఉండే రెండో గాజు తొట్టి. పైనుంచి నీళ్ళు పైపులో కిందికి దిగుతాయి, పంపు తిరిగి పైకి తోస్తుంది. పైపులు, వాటిని కలిపే యూనియన్లు, వాల్వులు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో తెచ్చుకున్నాను.

కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పై నీళ్ళు అదే పైపులోంచి వెనక్కి కారడం మొదలవుతుంది. నా ట్యాంకులో ఒక్క సెంటీమీటరు ఎత్తు అంటే 4 లీటర్లు. పంపు పైపు మూతి 15 సెంటీమీటర్ల లోతులో ఉంటే 60 లీటర్లు కిందికి వచ్చేస్తాయి. అది ఆపడానికే నీటిమట్టానికి కొంచెం కింద పైపుకి 3 మిల్లీమీటర్ల రంధ్రం పెడతారు. మట్టం దిగగానే గాలి పీల్చుకుని ధార తెగుతుంది. మే నెలలో ఒక గాలివాన రాత్రి నా రంధ్రంలో నాచు అడ్డం పడింది. తెల్లారేసరికి హాలంతా ఉప్పునీళ్ళు, కింది ఇంటి సీలింగుకి చెమ్మ. కరెంటు వచ్చాక సంపులో మట్టం తక్కువుందని ఆటో టాప్‌అప్ (ఆవిరైన నీళ్ళని తనంతట తానే భర్తీ చేసే పరికరం) 20 లీటర్ల మంచినీళ్ళు పోసేసింది. సాంద్రత 1.025 నుంచి 1.022కి పడిపోయి జోయాంథిడ్లు గుప్పిళ్ళు మూసినట్టు ముడుచుకుపోయాయి, మళ్ళీ విచ్చుకోడానికి నాలుగు రోజులు. ఇప్పుడు ప్రతి ఆదివారం టూత్‌పిక్‌తో ఆ రంధ్రం పొడుస్తాను. పైపు మూతిని కూడా 4 సెంటీమీటర్ల లోతుకి తెచ్చాను. మీరు సంపు కొన్నరోజే నీళ్ళు నింపి, పంపు ఆపి, మట్టం ఎక్కడ ఆగిందో మార్కరుతో గీత పెట్టండి. గీతకీ అంచుకీ మధ్య నాలుగు వేళ్ళ జాగా లేకపోతే ఆ సంపు మీకు చిన్నది. ఇన్వర్టరు మీద పంపు లేకపోయినా పర్వాలేదు, ట్యాంకులో నీళ్ళని కదిలించే వేవ్‌మేకరు మాత్రం నడవాలి. ఆక్సిజన్ దాని వల్లే.

తర్వాత సంపులో పెట్టే స్కిమ్మరు. సన్నటి బుడగలకి చేపల జిడ్డు, మేత ముక్కల సారం అంటుకుని నురుగై పై కప్పులోకి ఎక్కుతాయి. ఇంకా నైట్రేటు కాకముందే మురికి బయటికి వచ్చేస్తుందన్నమాట. డబ్బా మీద రాసిన లీటర్లని నమ్మకుండా మీ నీళ్ళకి రెట్టింపు రేటింగున్నది తీసుకోండి. కొత్తది నాలుగైదు రోజులు పొంగుతుంది, కంగారుపడొద్దు. కుదురుకున్నాక కప్పులో చిక్కటి కషాయం రంగు నీళ్ళు దిగాలి. లేత టీ రంగులో ఉంటే స్కిమ్మరులో నీటిమట్టం తగ్గించండి. 60 లీటర్ల చిన్న ట్యాంకుకైతే స్కిమ్మరు అక్కర్లేదు, వారానికి పదో వంతు నీళ్ళు మార్చితే చాలు.

సంపులోకి దిగే నీళ్ళ మురికిని పట్టే ఫిల్టరు సంచి మూడు రోజులకోసారి ఉతకాలి. కుదరదనుకుంటే పెట్టకపోవడమే మేలు. నీళ్ళు పసుపు తిరిగితే గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్ వేయండి. ఫాస్ఫేటు తీసే మందు మాత్రం టెస్టు కిట్‌లో 0.1 పీపీఎం దాటితేనే. అసలే లేకుండా చేస్తే పగడాలు రంగు పోయి తెల్లబడతాయి.