యూనిఫారం చదవడం నేర్చుకుందాం – 4వ పాఠం: అక్కడి బ్యాడ్జి, ఇక్కడి చొక్కా

పోయిన పాఠంలో ఒక పని ఇచ్చాను. ఇంట్లో నాన్నదో, మేనమామదో పాత యూనిఫారం ఉంటే మంచం మీద పరిచి, దాని మీద ఉన్న ప్రతి గుర్తుకీ పేరు రాయమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, ఈ రోజు దానితో పనుంది. ఒక దళంలో సంపాదించిన గుర్తుని ఇంకో దళం యూనిఫారం మీద పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఎక్కడ? ఇవాళ్టి పాఠం ఇదే.

మా గుంటూరు, బెజవాడ వైపు ఈ ప్రశ్న తరచూ వస్తుంది. ఇక్కడి నుంచి ఆర్మీకి వెళ్లిన కుర్రాళ్లు నలభై దాటకముందే పెన్షన్‌తో ఇంటికొస్తారు. తర్వాత కొందరు పోలీసులో చేరతారు, కొందరు బ్యాంకు దగ్గర, అపార్ట్‌మెంటు గేటు దగ్గర గార్డులుగా కుదురుతారు. ఒంటి మీద చొక్కా మారుతుంది, ట్రంకు పెట్టెలో బ్యాడ్జీలు అలాగే ఉంటాయి. ఆగస్టు 15 దగ్గర పడేసరికి వాటిని పట్టుకుని నా కుట్టు మిషన్ దగ్గరికి వస్తారు.

పోయిన ఏడు ఇలాగే ఒక కానిస్టేబుల్ వచ్చాడు. "బాబాయ్, పరేడ్ బెజవాడ మున్సిపల్ స్టేడియంలో. ఇవన్నీ చొక్కాకి ఎక్కించెయ్" అని కవరు బోర్లించాడు. నాలుగు మెడల్ రిబ్బన్లు (మెడల్ బదులు చొక్కాకి పెట్టే రంగుల గుడ్డ ముక్కలు), పారాచూట్ రెక్కల బ్యాడ్జి, భుజానికి కుట్టే ఫార్మేషన్ గుర్తు (ఏ పెద్ద దళం కింద పనిచేశాడో చెప్పేది), మెరూన్ టోపీ. నేను సూది పట్టుకోలేదు. ముందు వాటిని బల్ల మీద మూడు కుప్పలు చేశాను. మీరు నేర్చుకోవాల్సింది ఆ కుప్పలు చేయడమే.

మొదటి కుప్ప, మెడల్స్. ఇవి దేశం మనిషికి ఇచ్చినవి. మనిషి ఎక్కడికి పోతే అక్కడికి వస్తాయి. పరమవీర చక్ర, అశోక చక్ర దగ్గర నుంచి దీర్ఘకాల సేవా పతకాల దాకా అన్నిటికీ ఒకే వరుస జాబితా ఉంది. పోలీసు మెడల్స్ కూడా ఆ జాబితాలోనే తమ తమ చోట్ల ఉంటాయి. 1997లో స్వాతంత్ర్య స్వర్ణోత్సవానికి ఇచ్చిన పతకం సైనికుడి గుండె మీదా కనిపిస్తుంది, పోలీసు గుండె మీదా కనిపిస్తుంది. అందుకని ఆర్మీవి ఒక పక్క, పోలీసువి ఒక పక్క అని విడదీయకూడదు. అన్నీ ఎడమ జేబు పైన, జాబితా ప్రకారం ఒకే వరుసలోకి రావాలి.

వరుసలో పెద్దది ఎటు వైపు ఉండాలన్న దగ్గరే నూటికి తొంభై మంది తప్పు చేస్తారు. పెద్ద మెడల్ తొడుక్కున్న వాళ్ల రొమ్ము మధ్యకి దగ్గరగా ఉండాలి. అంటే ఎదురుగా నిలబడి చూసే మనకి అది ఎడమ చివర కనిపిస్తుంది. చొక్కా బల్ల మీద పరిచి కుట్టేటప్పుడు గుండీల పట్టీని గుర్తు పెట్టుకోండి: పట్టీకి దగ్గర ఉన్నది పెద్దది. మెడల్ రిబ్బన్ వెడల్పు 32 మిల్లీమీటర్లు. నాలుగు పక్కపక్కన పెడితే 128, అంటే సుమారు అయిదు అంగుళాలు. జేబు వెడల్పు స్కేలుతో కొలిచి, సగం దగ్గర సుద్దతో చిన్న గీత పెట్టండి. రిబ్బన్లన్నీ వరుసగా ఎక్కించిన బార్ నడిమి భాగం ఆ గీత మీదికి రావాలి. కంటి అంచనాతో పెడితే చొక్కా తొడిగాక ఒక పక్కకి వాలినట్టు కనిపిస్తుంది.

ఆ కుర్రాడి నాలుగు రిబ్బన్లు ఇవి: తొమ్మిదేళ్ల సేవా పతకం, సైన్య సేవా పతకం, 75వ స్వాతంత్ర్య వార్షికోత్సవ పతకం, ఎత్తైన కొండల్లో చేసిన సేవకి ఇచ్చే హై ఆల్టిట్యూడ్ పతకం. మొదటి పాఠంలోని జాబితా చూసి వీటిని వరుసలో పెట్టండి. జవాబు పాఠం చివర ఉంటుంది, ముందే చూడకండి.

రెండో కుప్ప, నేర్చిన విద్యకి ఇచ్చే బ్యాడ్జీలు. నాకు ఎక్కువ ఇష్టమైనది ఈ కుప్పే, చిక్కులు ఎక్కువున్నదీ ఇందులోనే. పారా రెక్కలే తీసుకోండి. ఆగ్రాలో పారాట్రూపర్స్ ట్రైనింగ్ స్కూల్ ఉంది. దాన్ని నడిపేది వాయుసేన. దూకడానికి వచ్చేవాళ్లలో ఆర్మీ వాళ్లుంటారు, నేవీ కమాండోలుంటారు, వాయుసేన గరుడ్ కమాండోలుంటారు. ఎన్.సి.సి. క్యాడెట్లు కూడా వెళ్తారు. రాత్రి దూకేది ఒకటి కలిపి అయిదు జంపులు పూర్తి చేస్తే రెక్కలు వస్తాయి. అంటే ఆర్మీ జవాను కుడి రొమ్ము మీద ఉన్న ఆ రెక్కలు అసలు వాయుసేన బడిలో దొరికినవి. పుట్టుకతోనే అది ఒక దళం గీత దాటి వచ్చిన బ్యాడ్జి.

మరి దాన్ని పోలీసు చొక్కా మీద పెట్టుకోవచ్చా? విద్య మనిషిది, చొక్కా మాత్రం కొత్త దళానిది. చొక్కా మీద ఏది ఉండాలో చొక్కా ఇచ్చినవాళ్లే చెప్పాలి. కుర్రాడితో అదే అన్నాను: "తమ్ముడూ, నీ డిశ్చార్జి బుక్కులో పారా కోర్సు రాసిన పేజీ జిరాక్స్ తీసుకుని మీ ఆర్.ఐ. (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారి దగ్గరికి వెళ్లు. ఆయన సరేనంటే కాగితం మీద రాయించుకో. అప్పుడు నేమ్ ప్లేట్ పైన కుడతాను." అతని ముఖం చిన్నబోయింది. "దూకింది నేను కదా బాబాయ్" అన్నాడు. నిజమే, ఆ మాట నాకూ గుచ్చుకుంది. అయినా కుట్టలేదు.

ఇది తేలిగ్గా అర్థం కావాలంటే ధోనీని గుర్తు చేసుకోండి. 2011లో ఆయనకి టెరిటోరియల్ ఆర్మీలో గౌరవ లెఫ్టినెంట్ కల్నల్ హోదా ఇచ్చారు. 2015లో ఆగ్రా వెళ్లి అయిదు జంపులూ చేశాడు. 2018లో పద్మభూషణ్ అందుకోవడానికి రాష్ట్రపతి భవన్‌కి ఆర్మీ యూనిఫారంలోనే వెళ్లాడు, అందరూ మెచ్చుకున్నారు. అదే మనిషి 2019 ప్రపంచ కప్‌లో కీపింగ్ గ్లవ్స్ మీద బలిదాన్ గుర్తుతో (పారా కమాండోల బ్యాడ్జి) దిగితే ఐసీసీ తీసేయమంది. గ్లవ్స్ మీద ఏముండాలో చెప్పే హక్కు ఆ ఆట నడిపేవాళ్లది. మనిషి ఒకడే, అభిమానం ఒకటే, బట్ట వేరు.

అమెరికాలోనూ ఈ చిక్కు ఉంది. అక్కడ ఆర్మీ వాళ్ల జంప్ స్కూల్‌కి నేవీ వాళ్లూ, మెరైన్లూ వచ్చి దూకి వెండి రెక్కలు తీసుకుంటారు. తమ దళంలోకి తిరిగి వెళ్లాక మరికొన్ని జంపులు చేస్తే వాళ్ల సొంత బంగారు రంగు రెక్కలు వస్తాయి. పక్క దళం విద్యని ఒప్పుకుంటూనే తమ ముద్ర విడిగా ఉంచుకున్నారన్నమాట.

మూడో కుప్ప, సొంత ఊరి పేరు లాంటి గుర్తులు: షోల్డర్ టైటిల్ (భుజం మీద దళం పేరు), ఫార్మేషన్ గుర్తు, టోపీ రంగు, టోపీ మీది రెజిమెంట్ బ్యాడ్జి. మెరూన్ టోపీ పారాచూట్ రెజిమెంట్‌ది. ఇవి "నేను ఏం సాధించాను" అని చెప్పవు, "నేను ఇప్పుడు ఎక్కడివాణ్ణి" అని చెబుతాయి. ఆ దళం వదిలాక వీటిని కొత్త యూనిఫారం మీద పెట్టడం కుదరదు. ఇందులో బేరం లేదు.

ఇది నాకు మొదట్లో తెలియదు. షాపు పెట్టిన రెండో ఏడు ఒక పెద్దమనిషి ప్రేమగా అడిగితే పోలీసు చొక్కా ఎడమ చేతికి ఆర్మీ ఫార్మేషన్ గుర్తు కుట్టిచ్చాను. రిహార్సల్లో పై అధికారి చూసి గ్రౌండ్‌లోనే బ్లేడుతో దారాలు కోయించారట. ఆయన సాయంత్రం చొక్కా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, ఒక్క మాట అనలేదు. ఖాకీ మీద సూది రంధ్రాలు చతురస్రంలా మిగిలిపోయాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు. కొత్త గుడ్డ కొని రాత్రికి రాత్రి కుట్టిచ్చాను. ఇరవై ఏళ్ల సర్వీసు చేసిన మనిషి నా అజ్ఞానం వల్ల అందరి ముందూ తలదించుకున్నాడు. ఈ పాఠాలు రాయడం మొదలుపెట్టింది ఆ చొక్కా వల్లే.

చట్టం సంగతి కొంచెం. సైనికుడు కానివాడు, చూసేవాళ్లు సైనికుడనుకోవాలనే ఉద్దేశంతో ఆ యూనిఫారం గానీ గుర్తు గానీ వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168వ సెక్షన్ కింద మూడు నెలల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 2024 జులైకి ముందు ఇదే ఐ.పి.సి. 140. ప్రైవేటు సెక్యూరిటీ గార్డులకి 2005 నాటి చట్టం ఇంకా గట్టిది: ఆర్మీ, నేవీ, వాయుసేన, పోలీసు యూనిఫారంలా కనిపించేది వేసుకుంటే ఏడాది దాకా జైలు పడొచ్చు. అపార్ట్‌మెంటు గేటు దగ్గర కూర్చునే మాజీ జవాన్లు మీ ఇంట్లో ఉంటే ఈ పేరా చదివి వినిపించండి. వాళ్లలో చాలామందికి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు జవాబు. చూసేవాళ్లకి ఎడమ నుంచి: సైన్య సేవ, హై ఆల్టిట్యూడ్, 75వ వార్షికోత్సవం, చివర తొమ్మిదేళ్ల సేవ. సరిపోయిందా? తొమ్మిదేళ్లది ముందు పెట్టినవాళ్లు సేవాకాల పతకాలు జాబితాలో ఎక్కడొస్తాయో మొదటి పాఠంలో మళ్లీ చూడండి.

ఇక ఇంటి పని. మీ కాగితం మీద రాసుకున్న ప్రతి గుర్తు పక్కనా 1, 2, 3 అని కుప్ప నంబరు వేయండి. 2 వేసిన ప్రతిదానికీ రుజువు కాగితం ఎక్కడుందో ఇంట్లో పెద్దల్ని అడిగి రాయండి. కుర్రాడి సంగతి అడుగుతారేమో: పరేడ్‌కి మూడు రోజుల ముందు సంతకం పెట్టిన కాగితంతో వచ్చాడు. నేమ్ ప్లేట్ పైన పావు అంగుళం వదిలి రెక్కలు కుట్టాను. మెరూన్ టోపీని పాత బనియన్ గుడ్డలో చుట్టి వాళ్లమ్మకి ఇవ్వమని చెప్పాను.

వచ్చే పాఠం: రంగు వెలిసిన రిబ్బన్ మార్చడం, బార్ వెనక పిన్నులు గుడ్డ చిరగకుండా బిగించడం.