కష్టంలో ప్రార్థన, 4వ పాఠం: స్తోత్రం దాకా పరుగెత్తకండి

ఈసారి బైబిల్లో దావీదు రాసిన 13వ కీర్తనలో 3, 4 వచనాలు, అంటే దేవుణ్ణి సూటిగా అడగడం ఎలాగో చూద్దామనుకున్నాం. అది వచ్చే పాఠానికి పోయింది. పోయినసారి మొదటి రెండు వచనాల వరుసలో మీ బాధను మీ మాటల్లోనే దేవుడికి చెప్పుకుంటూ నాలుగైదు వాక్యాలు రాయమన్నాను కదా, మీరు పంపినవన్నీ చదివాక ముందుకు వెళ్లబుద్ధి కాలేదు. దాదాపు అందరూ ఒకే చోట ఆగిపోయారు. మొదటి వాక్యంలో బాధ, రెండో వాక్యంలో "అయినా నీ చిత్తమే మంచిది", మూడో వాక్యానికల్లా స్తోత్రం. కొందరైతే బాధ చెప్పుకున్నందుకు చివర్లో క్షమించమని కూడా అడిగారు. అది చదివినప్పుడు నిజంగా మనసు చివుక్కుమంది.

ఎవరి కాగితమూ బయటపెట్టను. చాలామంది రాసిన తీరును కలిపి నేనే ఒకటి తయారు చేశాను, చూడండి:

"ప్రభువా, అమ్మ లేని లోటు బాధగా ఉంది. అయినా నువ్వు చేసేదంతా మేలుకే. నీకు స్తోత్రం."

తప్పు మాట ఒక్కటీ లేదు. కానీ ఇందులో అమ్మ ఎక్కడ? రాసిన మనిషి ఎక్కడ? ఇదే మనిషి అదే బాధను దావీదు పద్ధతిలో చెబితే ఇలా ఉండొచ్చు:

"ప్రభువా, అమ్మ నంబరు ఫోన్లోంచి ఇంకా తీయలేదు. సాయంత్రం అయ్యేసరికి చెయ్యి దానంతటదే ఫోన్ మీదికి పోతోంది. ఆ రాత్రి ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని నేను అడిగింది నీకు వినబడిందా? వినబడితే ఎందుకు ఊరుకున్నావు? ఇంకా ఎన్నాళ్లు ఇలా?"

రెండోది చదువుతుంటే కొంచెం భయం వేస్తుంది కదా, దేవుడితో ఇలా మాట్లాడొచ్చా అని. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" అన్న మాట కంటే ఇది ఏమంత పెద్దది? ఆ మాట 13వ కీర్తన మొదటి వచనం, బైబిల్లోనే ఉంది, దాన్ని ఆరాధనలో పాడుకున్నారు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు ఇలాంటి మొరలే. 13వ కీర్తన 5వ వచనంలో "నేనైతే నీ కృపయందు నమ్మిక యుంచియున్నాను" అని వస్తుంది, నిజమే. కానీ 4వ వచనానికీ 5వ వచనానికీ మధ్య దావీదుకి ఎంతకాలం పట్టిందో ఎవరూ రాసి పెట్టలేదు. ఒక్క రాత్రి కావచ్చు, కొన్ని సంవత్సరాలు కావచ్చు. మీరు దాన్ని ఒక్క నిమిషంలో దాటేయాలని చూస్తున్నారు.

ఇంకో చిన్న విషయం. కొందరు "దేవుడు నన్ను మరిచాడు" అని రాశారు. "నువ్వు నన్ను మరిచావా?" అని మార్చండి, అంతే. ఆయన గురించి చెప్పుకుంటే ఫిర్యాదు, ఆయనతోనే చెప్పుకుంటే ప్రార్థన.

ఇప్పుడు అసలు చిక్కు. ఎందుకు ఇంత తొందర అని అడిగితే చాలామంది చూపించిన వచనం ఒక్కటే, 1 థెస్సలొనీకయులకు 4:13. "క్రైస్తవులు దుఃఖపడకూడదని పౌలే రాశాడు కదా" అంటున్నారు. ఈ మాటను చావు ఇంట్లో, శవం ఇంకా లేవకముందే, ఏడుస్తున్న మనిషి భుజం తట్టి మరీ చెప్పేవాళ్లను చూశాను. నాకు దీని మీద ఉన్నంత కోపం ఇంకే పొరపాటు మీదా లేదు, అందుకే కాస్త ఎక్కువే చెబుతాను, ఓపిక పట్టండి.

వచనం పూర్తిగా చదవండి: "నిరీక్షణలేని యితరులవలె మీరు దుఃఖపడకుండు నిమిత్తము". అక్కడున్న "ఇతరులవలె" అనే మాటను మింగేసి మిగతాది చెబుతున్నారు. నిరీక్షణ, అంటే ఆశ, లేనివాళ్ల ఏడుపు ఒక రకం, నిరీక్షణ ఉన్నవాళ్ల ఏడుపు ఇంకో రకం. రెండూ ఏడుపులే. ఈ పౌలే తన తోటి పనివాడు ఎపఫ్రొదితు జబ్బుతో చావుకు దగ్గరైన సంగతి ఫిలిప్పీయులకు రాస్తూ, తనకు "దుఃఖముమీద దుఃఖము" కలగకుండా దేవుడు తనను కూడా కనికరించాడని అంటాడు (2:27). ఎపఫ్రొదితు పోయి ఉంటే పౌలు ఏడ్చేవాడనేగా దానర్థం? రోమీయులకు 12:15లో ఏడ్చేవాళ్లతో ఏడవమన్నాడు, ఏడ్చేవాళ్లను ఆపమనలేదు. అపొస్తలుల కార్యములు 8:2 చూడండి, విశ్వాసం కోసం రాళ్ల దెబ్బలు తిన్న స్తెఫను ఆకాశం తెరవబడడం చూస్తూ చనిపోయాడు, అతను ఎక్కడికి వెళ్లాడో ఎవరికీ అనుమానం లేదు, అయినా భక్తిగల మనుషులే అతన్ని సమాధి చేసి గట్టిగా ప్రలాపించారు. ఇక యోహాను 11. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకి తెలుసు, బయలుదేరకముందే శిష్యులతో అన్నాడు. లాజరు తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ విడివిడిగా వచ్చి ఒకే మాట అన్నారు, నువ్వు ఇక్కడ ఉండి ఉంటే మా సహోదరుడు చచ్చిపోయేవాడు కాదని. ఆయన ఏ ఒక్కరినీ గద్దించలేదు. ఇంకాసేపట్లో బతికి లేచే మనిషి కోసం కూడా ఆయన కన్నీళ్లు విడిచాడు. ఇంకేం కావాలి మీకు? హెబ్రీయులకు 5:7 ప్రకారం ఆయన ప్రార్థించిందే మహా రోదనంతో, కన్నీళ్లతో. కన్నీళ్లు అవిశ్వాసమైతే ఆ వచనాన్ని ఎక్కడ పెడతారు?

ఈ వచనం తెచ్చి మీ నోరు మూయించేవాళ్లు వస్తే వాదించకండి, బాధలో ఉన్నప్పుడు వాదనకు ఓపిక ఉండదు. "పక్కన కాసేపు కూర్చోండి చాలు" అనండి. పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరకు వచ్చిన స్నేహితులు మొదటి ఏడు రోజులు నేల మీద కూర్చుని నోరు విప్పలేదు, వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక వాళ్లు మాట్లాడింది సరికాదని యోబు 42:7లో దేవుడే తేల్చాడు.

రాశాక తేలిక కావాల్సింది పోయి ఇంకా బరువెక్కిందని కొందరన్నారు. అలా అవుతుంది, లోపల అణిచిపెట్టింది పైకి వస్తే మొదట నొప్పే. ఆ రోజుకి కాగితం మూసేసి తిని పడుకోండి. ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దూత ఒక్క ఉపదేశం కూడా చేయలేదు, రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. అయితే ఏలీయాలాగే మీకూ చచ్చిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఈ పాఠాలు పక్కన పెట్టి, ఇవాళే దగ్గరి మనిషికి చెప్పి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మందు వాడటం విశ్వాసానికి అడ్డు కాదు. ఆ దూత తెచ్చిన రొట్టె కూడా ఒంటికోసమే.

అభ్యాసం. ఈసారి కష్టమైనదే ఇస్తున్నాను. 88వ కీర్తన తీయండి, 18 వచనాలు. ఎజ్రాహీయుడైన హేమానుది. ఇందులో 13వ కీర్తనలోలాగా చివర మలుపు ఉండదు, చీకటితోనే ముగుస్తుంది. వెలుగున్న మాట మొదట్లో ఒక్కటే, "నాకు రక్షణకర్తవగు దేవా" అని పిలవడం. వరుసగా ఏడు రోజులు రోజుకోసారి పైకి చదవండి. మనసులో చదివితే లెక్కలోకి రాదు, మనసులో చదివేటప్పుడు మనం నచ్చనివి దాటేస్తాం. నాకు మొరలకు పాత అనువాదమే ఇష్టం, ఆ బరువు ఇంకెందులోనూ రాదు, మీకు అర్థం కాకపోతే వాడుక భాషది తీసుకోండి. చదివాక చివర మీ సొంత స్తోత్రం ఏదీ అతికించవద్దు. ఆమేన్ చాలు. ఏడో రోజు మీ పాత కాగితం తీసి, తొందరపడి రాసిన "అయినా" అన్న చోటు నుంచి కింద ఉన్నదంతా కొట్టేసి, అక్కడ మీరు మింగేసిన ప్రశ్న ఏదో అది రాయండి. ఫోన్లో వద్దు, చేత్తో. ఒక కాగితానికి ఒక్క బాధే.

ఆ కాగితం దగ్గర పెట్టుకునే 5వ పాఠానికి రండి, "నాకు ఉత్తరమిమ్ము" అని అడగడం దాని మీదే మొదలవుతుంది.