తక్కువ ఖర్చులో వడ్రంగి బల్ల ఎలా చేసుకోవాలి?

ఇంట్లో చిన్నాచితకా కొయ్య పనులు చేసుకునేవాళ్ళలో చాలామంది బల్ల దగ్గరే దెబ్బతింటారు. ప్లైవుడ్ పలకకు ఇనప గొట్టాల కాళ్ళు బిగిస్తారు. చిత్రిక పట్టగానే బల్ల ఊగుతుంది, చెక్క వంకరగా వస్తుంది. తప్పు తమ చేతిదే అనుకుని పని మానేస్తారు. తప్పు చేతిది కాదు, బల్లది. తొమ్మిది బల్లలు చేశాక ధైర్యంగా చెబుతున్నాను.

కొత్త టేకు జోలికి పోవద్దు. పాత ఇళ్ళు పడగొట్టిన కలప అమ్మే చోటికి వెళ్ళి వేప అడగండి. ఏళ్ళ తరబడి ఇంట్లో ఉన్న చెక్క ఆరాల్సినంతా ఆరిపోయి ఉంటుంది. పచ్చి చెక్క ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు, ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు బల్లకు మూడు ఘనపుటడుగుల కలప సరిపోతుంది. పై పలక మందం 2 అంగుళాలకు తగ్గకూడదు. కాళ్ళు 3 అంగుళాల చదరం.

సామిల్లులో కోయించే ముందు పాత స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతాన్ని చెక్క పొడవునా నడిపించండి. బయట తల కూడా కనిపించని మేకులు లోపల ఉంటాయి. ఒక్కటి తగిలిందంటే చిత్రిక బ్లేడు అంచు పళ్ళు పళ్ళుగా విరుగుతుంది.

పనిముట్లు: రంపం, ఉలి, సుత్తి, చిత్రిక, మూలమట్టం, డ్రిల్లు. అంతే.

ఎత్తు విషయానికొస్తే, చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేయి వదిలేయండి. మణికట్టు మడత ఎక్కడికి వస్తే బల్ల అక్కడికి రావాలి. కాళ్ళకు పైనా కిందా అడ్డపట్టీలు, ఒక్కో కాలికి అరంగుళం లోతు గాడి, అందులో పట్టీ కూర్చోబెట్టి వాషర్ వేసి బోల్టు. మేకులు వద్దు. రోజూ చిత్రిక తోపుకు మేకు వదులవుతుంది, బోల్టయితే మళ్ళీ బిగించుకోవచ్చు.

పై పలకకు 6 అంగుళాల వెడల్పున్న మూడు చెక్కలు పక్కపక్కన ఫెవికాల్‌తో అతకాలి. క్లాంపులు కొనక్కర్లేదు. రెండు దిట్టమైన పట్టీల మీద చెక్కలు పరిచి, ఒక వైపు అడ్డుముక్క కొట్టండి. రెండో వైపు ఇంకో అడ్డుముక్క కొట్టి, దానికీ చెక్కకూ మధ్య ఏటవాలుగా కోసిన రెండు ముక్కలను ఎదురెదురుగా దిగ్గొడితే అతుకు బిగుసుకుంటుంది. ఒక రాత్రి కదపొద్దు. తర్వాత ఈ పలకను పొట్టి అడ్డపట్టీల కింద నుంచి స్క్రూలతో బిగించండి. మధ్య స్క్రూకు మామూలు బెజ్జం చాలు. ముందు, వెనక స్క్రూల బెజ్జాలను మాత్రం వెడల్పు వైపు కాస్త సాగదీసి తొలవండి. వానాకాలంలో చెక్క అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. కదలడానికి చోటివ్వకపోతే పగులుతుంది.

ఇక అసలు పని, పైభాగం చదును చేయడం. అందరూ తొందరపడేది ఇక్కడే.

ముందు బల్లను అది ఎప్పటికీ ఉండబోయే చోట పెట్టండి. నాలుగు మూలలూ ఒక్కొక్కటిగా నొక్కండి. టక్కుమని ఏ కాలైనా కదిలితే దాని కింద పలచటి ముక్క దోపి, కదలిక పూర్తిగా పోయాకే చిత్రిక పట్టుకోండి. ఊగే బల్లను చదును చేస్తే ఆ ఊపంతా పలకలోకి దిగుతుంది.

ఇప్పుడు రెండు అల్యూమినియం పట్టీలు కావాలి, అడుగున్నర పొడవు, తిన్నగా ఉన్నవి. ఒకటి బల్ల ఈ చివర, ఇంకోటి ఆ చివర అడ్డంగా నిలబెట్టండి. దూరపు పట్టీ పై అంచుకు నల్ల ఇంకు పూయండి. బల్ల చివర వంగి, కన్ను పట్టీల ఎత్తుకు దించి, ఒక కన్ను మూసి చూడండి. దగ్గరి పట్టీ మీదుగా నల్లగీత రెండు పక్కలా ఒకే మందంలో కనిపిస్తే మెలి లేదు. ఎడమ పక్క ఎక్కువగా కనిపిస్తే దూరపు ఎడమ మూల ఎత్తు, దానికి ఎదురుగా మీ కుడిచేతి దగ్గరి మూల కూడా ఎత్తు. ఆ రెండు మూలలే తగ్గించాలి. పల్లంగా ఉన్న మూలలను ముట్టుకున్నారంటే రోజంతా చిత్రిక పట్టినా మెలి పోదు, పలక మాత్రం పలచబడుతుంది. నా మొదటి బల్ల అలాగే ముప్పావు అంగుళం పోగొట్టుకుంది.

పలకంతా పెన్సిల్‌తో గీతలు గీసి పెట్టుకోండి. ముందు అడ్డంగా, తర్వాత ఐమూలగా, చివర్న పొడవునా చిత్రిక పట్టండి. అడ్డంగా పట్టేటప్పుడు పొట్టు చుట్టలు తిరగదు, తునకలుగా రాలుతుంది, కంగారుపడకండి. గీతలు మిగిలిన చోటు పల్లం. పది తోపులకోసారి ఆగి పట్టీలు పెట్టి చూడాల్సిందే. కరెంటు చిత్రికతో పది నిమిషాల్లో అయిపోతుందంటారు. అది ఒక చివర గుంట పెట్టాక దాన్ని సరిచేయడానికి పలకంతా దించుకోవాలి. చేత్తో పడితే బ్లేడు ఎక్కడ తగులుతోందో, ఎక్కడ జారుతోందో చప్పుడే చెబుతుంది.

చెక్కను బిగించి పట్టుకునే వైస్ ఇప్పుడే కొనకండి. ఎడమ చివర ముప్పావు అంగుళం బెజ్జం తొలిచి, బిగుతుగా పైకీ కిందికీ కదిలే కొయ్య మేకు దింపితే చిత్రికకు అడ్డు దొరికినట్టే. పైన అవిసె నూనె ఒక పూత చాలు. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. ఆరుబయట విప్పి ఆరేయండి. మొదటి వానాకాలం వెళ్ళాక ఆ రెండు పట్టీలూ మళ్ళీ బయటికి తీసి, ఇంకోసారి వంగి చూడండి.