నిర్ణయం మారిందని ఇంగ్లిష్‌లో చెప్పడం ఎలా?

విశాఖపట్నం ద్వారకానగర్‌లో స్పోకెన్ ఇంగ్లిష్ నేర్చుకునే విద్యార్థులను అడిగితే, ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ టెన్స్ సూత్రాన్ని చాలామంది తడుముకోకుండా చెబుతారు: ‘హావ్’ లేదా ‘హాజ్’, దాని తరువాత క్రియ మూడవ రూపం. చిక్కంతా దాన్ని ఎక్కడ వాడాలన్న దగ్గరే వస్తుంది. తెలుగులో ‘మనసు మార్చుకున్నాను’ అన్న వాక్యం నిన్నటి సంగతికీ, ఇప్పటి నిర్ణయానికీ సరిపోతుంది గనుక, ఇంగ్లిష్ ఆ రెండింటినీ వేరుగా చూస్తుందన్న విషయం మనకు తొందరగా తట్టదు.

ఆదివారం కిరండూల్ రైలులో అరకు వెళ్దామని స్నేహితురాళ్లతో అనుకున్న ఒక అమ్మాయి, తరువాత రుషికొండ చాలనుకుందని అనుకుందాం. ఆమె చెప్పవలసిన వాక్యం ‘ఐ హావ్ ఛేంజ్‌డ్ మై మైండ్’. మనసు ఏ రోజు మారిందన్నది ఇక్కడ అవసరం లేదు. మారిన నిర్ణయం ఇప్పటికీ అలాగే ఉంది, కాబట్టి తన కోసం టికెట్ తీయవద్దన్న సూచన కూడా వినేవారికి అందుతుంది. ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘ఇన్ 2023’ వంటి గడిచిపోయిన కాలాన్ని చెప్పే మాట చేరితే మాత్రం ‘హావ్’ తీసివేసి, ‘ఐ ఛేంజ్‌డ్ మై మైండ్ యెస్టర్‌డే’ అనాలి. అలాంటి మాటతో ‘హావ్’ వాడడమే అన్నిటికన్నా ముందు సరిచేసుకోవలసిన తప్పని నా అభిప్రాయం.

పాత కోరికనూ కొత్త నిర్ణయాన్నీ ఒకే వాక్యంలో చెప్పడం ఇంకా మంచి అభ్యాసం: ‘ఐ వాంటెడ్ టు గో టు అరకు, బట్ ఐ హావ్ ఛేంజ్‌డ్ మై మైండ్’. కోరిక ముగిసింది గనుక దానికి సింపుల్ పాస్ట్ (‘హావ్’ లేని భూతకాల రూపం), నిర్ణయం నిలిచి ఉంది గనుక దానికి ప్రెజెంట్ పర్‌ఫెక్ట్. ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ ‘ఐ ప్లాన్‌డ్ టు మూవ్ టు హైదరాబాద్, బట్ ఐ హావ్ డిసైడెడ్ టు స్టే ఇన్ వైజాగ్’ అంటే అభ్యర్థి ప్రస్తుత ఉద్దేశం స్పష్టంగా తెలుస్తుంది.

నిర్ణయం పూర్తిగా మారక, సందేహం మాత్రమే కలిగితే ‘ఐ హావ్ హాడ్ సెకండ్ థాట్స్’ అనవచ్చు; ‘హావ్ హాడ్’ పక్కపక్కన వచ్చినా అది తప్పు కాదు. పలువురి తరఫున మాట్లాడేటప్పుడు సాధారణంగా ‘వి హావ్ ఛేంజ్‌డ్ అవర్ మైండ్స్’ అంటారు. ఆ అమ్మాయి మళ్లీ అరకుకే మొగ్గితే ‘ఐ హావ్ ఛేంజ్‌డ్ మై మైండ్’ చివర ‘అగెయిన్’ చేర్చితే చాలు.